ఎండాకాలంలోనూ ఎండని మూసీ

మే నెల మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో నాగోలు వంతెన మీద బండి పక్కకు ఆపి ఒకసారి కిందికి చూడండి. ఊరంతా బోర్లు ఎండిపోయి ఉంటాయి. ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియదు. శివారు కుంటలు నెర్రెలు విచ్చి ఉంటాయి. మూసీ మాత్రం పారుతూనే ఉంటుంది. నల్లగా, నురగ తేలుతూ, ముక్కు మూసుకునేంత కంపుతో, కానీ నిండుగా.

నిజానికి మూసీ ఏడాది పొడవునా పారే నది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, వానాకాలంలో పొంగి, వేసవికి ఇసుక తేలే రకం. ముచికుంద అన్న పాత పేరు ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది. 1908 సెప్టెంబరులో అది హైదరాబాద్‌ను ముంచేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన గండిపేట జలాశయం కట్టారు. 1920లో అది పూర్తయింది. ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. రెండూ ఊరిని వరద నుంచి కాపాడాయి, తాగడానికి నీళ్లిచ్చాయి. దాంతో పాటు ఇంకొకటి కూడా జరిగింది. గేట్లు ఎత్తే ఆ నాలుగు రోజులు తప్ప మూసీ సొంత నీళ్లు నగరంలోకి రావడం దాదాపు ఆగిపోయింది.

మరి వంతెన కింద పారేవి ఎవరి నీళ్లు?

మనవే. నాగార్జునసాగర్ వెనుక నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కించి తెచ్చిన కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లు దాటి వచ్చిన గోదావరి నీళ్లు, మంజీర నీళ్లు, వాటికి తోడు బోరు నీళ్లు. పొద్దున నల్లాలో వచ్చి, స్నానాల గదిలో, వంటింట్లో, వాషింగ్ మెషీన్‌లో, ఫ్లష్ ట్యాంకులో ఒక పూట గడిపి, డ్రైనేజీలోంచి నాలాకు, నాలాలోంచి మూసీకి చేరిన నీళ్లు. నగరం పెరిగిన కొద్దీ తెచ్చుకునే నీళ్లు పెరిగాయి, వదిలే నీళ్లూ పెరిగాయి. ఆ లెక్కన మూసీ ఇప్పుడు జీవనది అయింది.

కథ అక్కడితో ఆగదు. మూసీ తూర్పుగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్‌కు దిగువన, పులిచింతలకు ఎగువన. అంటే సాగర్ నుంచి మనం ఎత్తుకున్న కృష్ణమ్మను వాడేసి, మళ్లీ ఆ తల్లి ఒడిలోనే పోస్తున్నాం. అక్కడి నుంచి ఆ నీళ్లు పులిచింతల మీదుగా విజయవాడ ప్రకాశం బ్యారేజీకి పోతాయి. వాడపల్లి సంగమంలో గుళ్లున్నాయి, పుష్కరాలకు జనం మునకలేస్తారు. ఆ నీటిలో కూకట్‌పల్లి స్నానాల గదుల వాటా ఎంత అని ఎవరూ అడగరు.

నదులు, చెరువులు ఎందుకు పాడవుతున్నాయని టీ కొట్టు దగ్గర నలుగురిని అడగండి. ఒకరు ఫ్యాక్టరీలంటారు. ఒకరు వినాయక నిమజ్జనం అంటారు. ఇంకొకరు ప్లాస్టిక్ అంటారు. ఊరి నుంచి వచ్చినాయన ఎరువులు, పురుగుమందులు అంటాడు. నలుగురూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నలుగురిలో ఒక్కరూ తమ బాత్రూమ్ పేరు ఎత్తరు. చిక్కంతా ఇక్కడే. ఈ కాలుష్యాలన్నీ ఒక జాతివి కావు. ఒకటి ఊపిరి ఆడకుండా చేస్తుంది, ఒకటి అతిగా మేపి చంపుతుంది, ఒకటి విషం పెడుతుంది, ఇంకొకటి రోగాన్ని మోసుకొస్తుంది. అన్నిటినీ ఒకే తక్కెడలో వేస్తే కళ్లకు కనబడేదే పెద్దదనిపిస్తుంది. నీటి మీద తేలే పాలిథిన్ కవరు కనిపిస్తుంది. నీటిలో కరిగిన మూత్రం కనిపించదు.

ఊపిరి సంగతి

చేపకు కావలసిన ఆక్సిజన్ నీటిలో కరిగి ఉంటుంది. మన వాతావరణంలో, అంటే 25, 30 డిగ్రీల దగ్గర, మంచి నీరు లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టుకోగలదు. నీరు వేడెక్కిన కొద్దీ అదీ తగ్గుతుంది. చెంచాలో చిటికె ఉప్పు కూడా కాదు, అంత తక్కువ. ఆ కొంచెం మీదే చేప, నత్త, కప్పపిల్ల, కంటికి కనబడని సూక్ష్మజీవులు అన్నీ బతకాలి.

ఇప్పుడు ఒక లీటరు మురుగు తెచ్చి అందులో పోయండి. మలం, అన్నం మెతుకులు, నూనె జిడ్డు, సబ్బు నురగ. ఇవన్నీ బ్యాక్టీరియాకు విందు భోజనం. అవి తింటూ, పెరుగుతూ, నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. ఎంత పీలుస్తాయో కొలిచే లెక్కే తరచూ పేపర్లో కనబడే బీఓడీ. బ్రిటన్‌లో ఈ పరీక్ష మొదలైనప్పుడు నీటి నమూనాను అయిదు రోజులు ఉంచేవారు. మన ఎండలకు తగ్గట్టు ఇక్కడ 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. మామూలు ఇళ్ల మురుగుకు బీఓడీ లీటరుకు 200 మిల్లీగ్రాముల పైమాటే. అంటే ఒక లీటరు మురుగు తన ఆకలి తీర్చుకోవాలంటే పాతిక లీటర్ల మంచి నీటిలోని ఆక్సిజన్ మొత్తం ఖర్చవ్వాలి. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. 30 దాటితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని మొదటి ప్రాధాన్యం జాబితాలో పెడుతుంది. పేరు వినడానికి గౌరవంగా ఉంటుంది, కానీ అది ఐసీయూ వార్డు. 2018లో దేశంలో 323 నదుల్లో 351 చోట్ల నీరు పాడైందని మండలి లెక్క తేల్చినప్పుడు మూసీ ఆ వార్డులోనే ఉంది.

పారే నదికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది. రాళ్ల మీద దూకుతూ, అలలు లేస్తూ గాలి నుంచి ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. మురుగు పడిన చోట ఆక్సిజన్ పడిపోయి, కొన్ని కిలోమీటర్లు పోయాక మళ్లీ మెల్లగా లేస్తుంది. అమెరికాలో ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లోనే దీనికి లెక్క కట్టారు. కాకపోతే ఆ లెక్క నిలబడాలంటే నదికి సొంత నీరు ఉండాలి, ఒక నాలా కలిశాక ఇంకో నాలా కలిసేలోపు కొంత వ్యవధి ఉండాలి. మూసీకి రెండూ లేవు. కోలుకునేలోపే ఇంకో దెబ్బ.

ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక నీరు నిశ్శబ్దంగా ఉండిపోదు. ఆక్సిజన్ అక్కర్లేని వేరే బ్యాక్టీరియా అడుగు బురదలో పని మొదలుపెడతాయి. అవి సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన అదే. అదే వాయువు ఇనుముతో కలిసి బురదను నల్లగా చేస్తుంది. నాలా పక్క ఇళ్లలో వెండి పట్టీలు ఊరికే నల్లబడుతుంటాయి, ఏసీ కాయిల్స్ ఏడాదికోసారి లీకవుతుంటాయి. మెకానిక్ గ్యాస్ నింపి డబ్బులు తీసుకుని పోతాడు. కాయిల్‌లోని రాగిని తినేసింది నాలా గాలి అని చెప్పేవాళ్లు తక్కువ.

విషం సంగతి

బ్యాక్టీరియా తినగలిగేది మురుగు. తినలేనిది, తింటే చచ్చేది ఫ్యాక్టరీ వ్యర్థం. తేడా ఇంతే అనుకోవచ్చు, కానీ పెద్ద తేడా.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు), రసాయన కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. వాటి నీళ్లు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి. వాగు పక్క బావుల్లో నీళ్లు రంగు మారాయి, పొలాలు పాడయ్యాయి, విషయం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. కంపెనీల వ్యర్థ జలాలన్నీ ట్యాంకర్లలో తెచ్చి ఒకేచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని, అంటే శుద్ధి అయిపోయిన నీటిని, పరీక్షించి ఒక పత్రం ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జ్వరానికి ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే వాగు దారి పట్టిన నీటిలోనే మందు ఎక్కువ.

ఇది చేపను చంపిందా, మనిషిని చంపిందా అని అడిగితే సూటిగా జవాబు దొరకదు. ఈ విషం పని చేసే తీరు వేరు. మురుగులో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా, పైన మందు. బలహీనమైనవి చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పిల్లల్ని పెడతాయి. ఆ లొంగని గుణాన్ని పక్క జాతి బ్యాక్టీరియాకు కూడా అరువిస్తాయి. ఎక్కడో ఒక ఆస్పత్రిలో మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఏ మాత్రా పనిచేయనప్పుడు దాని మూలం ఏ వాగులో ఉందో ఎవరు కనిపెట్టగలరు?

తర్వాతి రోజుల్లో ఆ కేంద్రం నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరం మురుగులో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు కొంత ఊరట. కానీ మురుగు శుద్ధి కేంద్రమంటే ఏమిటి? గాలి కొట్టి, బ్యాక్టీరియాను పెంచి, వాటిచేత మలినాన్ని తినిపించడం. బ్యాక్టీరియా తినలేని దాన్ని అక్కడికి పంపితే అది పలచబడుతుంది తప్ప పోదు. పలచన చేయడం, శుభ్రం చేయడం ఒకటి కాదు. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే ప్రమాణాలన్నీ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్కలోనే ఉంటాయి.

చెరువు దాచుకుంటుంది

నది తన మీద పడ్డదాన్ని మోసుకుపోతుంది. చెరువు దాచుకుంటుంది. రెంటికీ ఒకే మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

హుస్సేన్‌సాగర్ 1562 నాటిది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన చెరువు. అందులో కలిసే నాలాల్లో కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ ముఖ్యమైనవి. వీటిలో కూకట్‌పల్లి నాలాది ఘనమైన చరిత్ర. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల వైపు పరిశ్రమల నీళ్లు, దారిపొడవునా కాలనీల మురుగు కలుపుకుని వచ్చేది. ఎన్నో ఏళ్ల పాటు అది తెచ్చిందంతా చెరువు అడుగున పేరుకుంది.

మురుగులో చెరువుకు అన్నిటికంటే చేటు చేసేది భాస్వరం. మలమూత్రాల్లోనూ, కొన్ని డిటర్జెంట్లలోనూ, పొలాల డీఏపీలోనూ ఉంటుంది. విషం కాదు, ఎరువు. మామూలు చెరువులో నాచు పెరగకుండా ఆపేది సాధారణంగా భాస్వరం కొరతే. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా చీల్చింది. ఒక వైపు కార్బన్, నత్రజని మాత్రమే వేశారు. రెండో వైపు వాటితో పాటు భాస్వరం కూడా. మొదటి వైపు నీరు తేటగానే ఉంది, రెండో వైపు కొన్ని వారాల్లో పచ్చటి బఠాణీ సూప్ అయిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూస్తే మళ్లీ వాదించాల్సిన పని ఉండదు.

పచ్చగా ఉంటే ఆక్సిజన్ వస్తుంది కదా అనిపిస్తుంది. పగలు వస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే చేపలు తెల్లవారుజామున చస్తాయి. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతును అడగండి, మబ్బు పట్టిన రాత్రి ఎందుకు నిద్రపోలేదో చెబుతాడు. మూడు గంటలకు లేచి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పకపోతే పొద్దుటికి చేపలు నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఊరి చెరువుకు ఏరియేటర్ వేసేవాడు లేడు. అందుకే తొలకరి పడ్డ మర్నాడు చెరువు గట్టున తెల్లగా చేపలు తేలాయని, ఎవరో విషం కలిపారని పేపర్లో వస్తుంది. చాలాసార్లు ఎవరూ ఏమీ కలపరు. వేసవంతా నాలాలో పేరుకున్న కుళ్లును మొదటి వాన ఒక్కసారిగా కడిగి చెరువులో పోస్తుంది, అంతే.

గుర్రపు డెక్క కూడా ఈ ఎరువు మీద బతికేదే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఏటా మిషన్లు పెట్టి తీస్తారు, ఫొటోలు దిగుతారు. తీసినదాన్ని దూరంగా తీసుకుపోతే నిజంగా లాభమే, ఎందుకంటే మొక్కతో పాటు అది పీల్చుకున్న భాస్వరం కూడా బయటికి పోతుంది. కానీ ఎక్కువసార్లు కట్ట మీదే కుప్ప పోస్తారు. వానకు అది కుళ్లి రసమంతా మళ్లీ చెరువులోకే.

నిమజ్జనం మాటకొద్దాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ త్వరగా కరగదు, రంగుల్లో భారలోహాలుంటాయి, అవి బురదలో ఉండిపోతాయి. ప్లాస్టర్ అంటే కాల్షియం సల్ఫేట్, ఇందాక చెప్పిన కుళ్లిన గుడ్డు వాసనకు అదీ ముడిసరుకే. హుస్సేన్‌సాగర్‌లో ఇలాంటి విగ్రహాలు వేయొద్దని 2021లో తెలంగాణ హైకోర్టు అంది. కేంద్ర మండలి మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. మట్టి విగ్రహం పెట్టడం మంచిదే, మా ఇంట్లోనూ అదే పెడతాం. కానీ ఆ పని చేసి చెరువును కాపాడామనుకుంటే పొరపాటు. వినాయకుడు పదకొండు రోజుల అతిథి. నాలా 365 రోజులూ ఇంట్లోనే ఉంటుంది.

చెరువుకు వచ్చే మురుగును దారి మళ్లించడానికి నాలాల మీద అడ్డుకట్టలు కట్టి, అంబర్‌పేట వైపు పంపుతున్నారు. జపాన్ రుణంతో 2006 నుంచి పెద్ద పనే జరిగింది. మామూలు రోజుల్లో అది పనిచేస్తుంది. గట్టి వాన పడితే అడ్డుకట్ట మీంచి మురుగూ వాననీరూ కలిసి పొర్లి చెరువులోకి వస్తాయి. పైగా అడుగున దాచుకున్న భాస్వరం ఉంది. పైనుంచి రావడం ఆగినా, ఆక్సిజన్ లేని బురద ఏళ్ల తరబడి దాన్ని కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. ‘ఇన్ని కోట్లు పెట్టినా కంపు పోలేదేమిటి’ అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ బురదలో ఉంది.

హైదరాబాద్ చెరువులకు ఇంకో తిప్పలుంది. ఇవి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరాలని కట్టినవాళ్లు ఆలోచించారు. అద్భుతమైన ఆలోచన. ఇప్పుడు ఆ దారిలోనే మురుగు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నడిచిపోతోంది. వానాకాలంలో కూకట్‌పల్లి దగ్గర ధరణి నగర్ వీధుల్లోకి తెల్లటి నురగ గుట్టలుగా వచ్చిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. పిల్లలు దాన్ని చేతుల్లోకి తీసుకుని ఆడుకుంటారు. అది డిటర్జెంట్, జిడ్డు, రసాయనాలు కలిసిన నీరు ఎత్తు నుంచి దూకినప్పుడు గాలి కలిసి గిలక్కొట్టినట్టు లేచే నురగ. బెంగళూరు బెళ్లందూరు చెరువులో ఇలాంటి నురగే గాలికి రోడ్డు మీదికి ఎగిరేది. అక్కడ చెరువుకు నిప్పంటుకున్న సంగతి కూడా తెలిసిందే.

ఎవరినీ పట్టుకోలేని కాలుష్యం

పైపు మూతి కనబడితే నోటీసు ఇవ్వొచ్చు. పొలానికి పైపు మూతి లేదు.

కొల్లేరు దీనికి మంచి ఉదాహరణ. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా లెక్కలేనన్ని మురుగు కాలువలు అందులో కలుస్తాయి. బయటికి పోయేందుకు ఉన్నది ప్రధానంగా ఉప్పుటేరు. పైనున్న వరి చేలలోని యూరియా, డీఏపీ, పురుగుమందుల మిగులు, పట్టణాల మురుగు అన్నీ అక్కడికే. సరస్సు గర్భంలోనే చేపల చెరువులు తవ్వారు. వాటిలో మేత, కోళ్ల పెంట, మందులు వేస్తారు, పట్టుబడి అయ్యాక నీళ్లు వదిలేస్తారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల కట్టలు తెగ్గొట్టారు. తర్వాత అవి మళ్లీ లేచాయి. ఇందులో తప్పెవరిదని వేలు చూపడం తేలిక కాదు. ఏ ఒక్క రైతు వేసిన బస్తా కూడా కొల్లేరును చంపలేదు. డెల్టా ఊళ్లలో ఇంటి ముందు కాలువ పారుతుంటే తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. చుట్టూ నీళ్లే, గుక్కెడు దొరకవు.

హైదరాబాద్ దిగువన రైతుది మరో రకం కథ. పీర్జాదిగూడ దాటి ప్రతాపసింగారం వైపు వెళ్తే మూసీ ఒడ్డున కళ్లు చెదిరే పచ్చదనం. పారా గడ్డి. పొద్దున్నే కోసి మోపులు కట్టి, ఆటో ట్రాలీల్లో నగరం డెయిరీలకు పంపుతారు. ఇంకా కిందికి వరి. ఇక్కడ రైతుకు నీటికి కొరత లేదు, యూరియా ఖర్చు తక్కువ, ఎందుకంటే నత్రజని నీళ్లలోనే వస్తుంది. మోకాళ్ల దాకా దిగితే దురద, బావినీళ్లు ఉప్పన. అయినా ఆ నీళ్లు వద్దని అతను అనడు. ఎండాకాలంలో పారే కాలువ ఎవరికి చేదు?

ఆశ్చర్యమేమిటంటే దిగువకు పోయిన కొద్దీ నీరు కొంత తేరుకుంటుంది. నది మీద కత్వలున్నాయి, అంటే నీటిని కాలువలకు మళ్లించే పాతకాలపు చిన్న ఆనకట్టలు. ఒక్కో కత్వ వెనక నీరు నిలిచి మడ్డి కిందికి దిగుతుంది, ఎండకు రోగక్రిములు చస్తాయి, దూకేటప్పుడు గాలి కలుస్తుంది. ఎవరూ అనుకోకుండానే అవి శుద్ధి కేంద్రాలయ్యాయి. కానీ ఉప్పులు పోవు, మందులు పూర్తిగా పోవు, భారలోహాలు మడ్డిలో కూర్చుంటాయి. నగరం చేయాల్సిన పనిని ఆ కత్వలు, ఆ పొలాలు కూలి లేకుండా చేసిపెడుతున్నాయి.

లెక్క ఎక్కడ తప్పుతోంది

మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజినీర్లు వాడే లెక్క. అంటే 108 లీటర్లు. మా అపార్ట్‌మెంట్లో 60 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు చొప్పున 240 మంది. రోజుకు దాదాపు 26 వేల లీటర్ల మురుగు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అయిదు. ట్యాంకర్ లోపలికి వచ్చినప్పుడు అందరం కిటికీలోంచి చూస్తాం, వాట్సాప్‌లో మెసేజ్ పెడతాం. అయిదు ట్యాంకర్లు బయటికి పోవడం ఎవరికీ తెలియదు.

నగరం మొత్తానికి 2021 నాటి అధికారిక లెక్క 1,950 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు, కాబట్టి రోజుకు 195 కోట్ల లీటర్లు. అప్పటికి ఉన్న శుద్ధి సామర్థ్యం 772 ఎంఎల్‌డీ. తేడా పూడ్చడానికి రూ.3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు, 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యంతో మంజూరయ్యాయి. కొన్ని ఇప్పటికే నడుస్తున్నాయి. ఇది చిన్న విషయం కాదు, చాలా నగరాలు ఈ మాత్రం కూడా చేయలేదు. అయితే కేంద్రం కట్టడం ఒక ఎత్తు, మురుగు అక్కడికి చేరడం ఇంకో ఎత్తు. దేశం మొత్తం పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ అని, శుద్ధి సామర్థ్యం 31,841 అని 2021లో కేంద్ర మండలే చెప్పింది. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది అప్పటికి 20 వేలకు కాస్త పైన మాత్రమే. అంటే ఉన్న సామర్థ్యంలోనే మూడో వంతుకు పైగా వాడుకలో లేకపోయింది.

ఎందుకంటే రోడ్డు కింద రెండు దారులుండాలి. ఒకటి వాననీటికి, ఒకటి మురుగుకు. ఆచరణలో డ్రైనేజీ లైను పడని కాలనీ తన పైపును దగ్గర్లోని నాలాలో పెడుతుంది. లైను నిండి రోడ్డు మీద పొంగితే, ఫిర్యాదు తట్టుకోలేక ఎవరో ఒకరు దాన్ని వాననీటి కాలువకు కలిపేస్తారు. సెప్టిక్ ట్యాంక్ బండివాడు రాత్రి పదకొండు తర్వాత చీకట్లో మ్యాన్‌హోల్ మూత తీస్తాడు. ఇవేవీ శుద్ధి కేంద్రం గేటు దాకా వెళ్లవు. నేరుగా మూసీకి.

పెద్ద అపార్ట్‌మెంట్లకు సొంత శుద్ధి ప్లాంటు ఉండాలి. మా దాంట్లో ఉంది, సెల్లార్‌లో, జనరేటర్ పక్కన. నిరుడు ఒక రాత్రి బండి పెట్టడానికి దిగితే సెల్లార్ వింతగా నిశ్శబ్దంగా అనిపించింది. బ్లోయర్ ఆగి ఉంది. బ్లోయరంటే ట్యాంకులోకి గాలి కొట్టే మోటారు, అంటే లోపలి బ్యాక్టీరియాకు ఊపిరి. వాచ్‌మన్‌ను అడిగితే, ‘రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బంద్ పెడతం సార్, కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని కమిటీవాళ్లే చెప్పిన్రు’ అన్నాడు. ఎనిమిది గంటలు ఊపిరాడకపోతే అవి నీరసిస్తాయి, మురుగు మురుగులాగే బయటికి పోతుంది. వెనక గోడ అవతల నాలా ఉంది. ఆ కమిటీలో నేనూ సభ్యుణ్ణే. బిల్లు తగ్గించాలన్న తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది, ఎలా తగ్గిస్తారని మాత్రం అడగలేదు.

తర్వాతి నెల మీటింగులో విషయం ఎత్తాను. లెక్క వేస్తే బ్లోయర్ రాత్రంతా నడపడానికి ఫ్లాటుకు నెలకు నూట ముప్పై రూపాయలు అదనం అని తేలింది. గంటన్నర చర్చ జరిగింది. మన ఒక్క అపార్ట్‌మెంటు బాగుపడితే మూసీ బాగుపడుతుందా అని ఒకాయన, అద్దెకున్నవాళ్లం మేమెందుకు కట్టాలని ఒకావిడ. చివరికి ఒప్పుకున్నారు, యాభై ఒకటికి తొమ్మిది. ఆ తొమ్మిది ఫ్లాట్లూ ఇప్పటికీ నూట ముప్పై తగ్గించే మెయింటెనెన్స్ కడుతున్నాయి. బ్లోయర్ మాత్రం రాత్రిళ్లు తిరుగుతోంది. సెల్లార్ పక్క ఫ్లాటు వాళ్లు చప్పుడుకు నిద్ర పట్టడం లేదని మొన్ననే కంప్లయింట్ ఇచ్చారు.